సోలార్ గార్డెన్ లైట్: మే ఎండలో కాదు, జులై ముసురులో టెస్ట్ చేయాలి

ఆన్‌లైన్‌లో "సోలార్ గార్డెన్ లైట్" అని కొట్టి చూడండి. 200 వాట్స్, 120 ఎల్‌ఈడీలు, 9900 ఎంఏహెచ్ బ్యాటరీ, రాత్రంతా ఫుల్ బ్రైట్‌నెస్... ఇన్ని స్పెక్స్ చూపించి రేటు మాత్రం ఫోన్ బ్యాక్ కవర్, టెంపర్డ్ గ్లాస్ కలిపి కొన్నంతే ఉంటుంది. కింద రివ్యూలు కూడా ఫోర్ స్టార్, ఫైవ్ స్టారే. ఎందుకుండవు? చాలామంది డబ్బా విప్పిన వారంలోనే రివ్యూ పెట్టేస్తారు, ఆ వారం ఎండ బాగానే కాసి ఉంటుంది.

ఫోన్ విషయంలో మనం ఫస్ట్ డే ఫొటోలు చూసి తీర్పు చెప్పం. నెల వాడాక బ్యాటరీ ఎలా ఉంది, హీట్ అవుతుందా అని అడుగుతాం. సోలార్ లైట్‌కి నెల కూడా చాలదు. దానికి ఒక వానాకాలం కావాలి. ఎందుకో లెక్కలతో సహా చూద్దాం.

మాది కామారెడ్డి జిల్లా ఎల్లారెడ్డి. ఉద్యోగం హైదరాబాద్‌లోనే అయినా ఇంట్లో గ్యాడ్జెట్ ఏది కొనాలన్నా ఫోన్ నాకే వస్తుంది, ఈ సైట్ చదివే వాళ్ళలో చాలామందిది ఇదే పరిస్థితి అనుకుంటా. మా వైపు ఇళ్ళలో గార్డెన్ అంటే లాన్, ఫౌంటెన్ కాదు. ఇంటి వెనక పెరడు. అందులో ఒక జామ, ఒక కరివేపాకు, మునగ చెట్టు, బీర పందిరి, నాలుగు బంతి మొక్కలు. ఒక మూలకు బోరు మోటర్ స్టార్టర్ డబ్బా, ఇంకో మూలకు బాత్రూం. అంటే పెరడు అందం కోసం మాత్రమే కాదు, రాత్రి పూట నడిచే దారి కూడా. అమ్మానాన్నలు తెల్లవారుజామున 4 గంటలకు చెప్పులు కూడా వేసుకోకుండా ఆ దారిలోనే పోతారు.

ఇక్కడే అసలు విషయం ఉంది. భారత్‌లో పాముకాటు మరణాల మీద 2020లో ఈలైఫ్ అనే జర్నల్‌లో ఒక పెద్ద స్టడీ వచ్చింది. 2000 నుంచి 2019 వరకు 20 ఏళ్ళలో దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని, అంటే ఏడాదికి సగటున 58 వేల మంది అని వాళ్ళ అంచనా. ఎక్కువ మరణాలు ఉన్న రాష్ట్రాల లిస్టులో తెలంగాణతో కలిసిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఇందులో రెండు పాయింట్లు మనకు ముఖ్యం. ఒకటి, ఎక్కువ శాతం పల్లెల్లో, ఇంటి దగ్గరే జరిగాయి. రెండు, దాదాపు సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబర్ మధ్యలోనే.

జూన్ నుంచి సెప్టెంబర్. అంటే వానాకాలం. అంటే సోలార్ ప్యానెల్‌కి ఎండ తక్కువ దొరికే నెలలు. పెరట్లో లైటు ఎప్పుడు అన్నిటికంటే ఎక్కువ అవసరమో, సరిగ్గా అప్పుడే మన లైటు అన్నిటికంటే వీక్‌గా ఉంటుంది. మా వాడకట్టులో వినిపించే కంప్లైంట్ కూడా ఇదే: "మొన్నటిదాకా తెల్లారేదాకా ఎలిగింది, వానలు పడ్డప్పటిసంది పదకొండుకే బందైతుంది."

లైటు పాడైపోలేదు. లెక్క అంతే.

ముందు ప్యానెల్ లెక్క

స్పెసిఫికేషన్స్ పేజీ మొత్తంలో మీరు నమ్మగలిగింది ఒక్కటే: ప్యానెల్ సైజు. దాన్ని టేపుతో కొలవొచ్చు, అబద్ధం చెప్పడం కష్టం.

నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు మీద సుమారు 1000 వాట్ల శక్తి పడుతుంది. ప్యానెల్స్ రేటింగ్ అంతా ఈ నంబర్ మీదే ఇస్తారు. మంచి మోనో క్రిస్టలైన్ సెల్ అందులో 20 శాతం కరెంటుగా మారుస్తుంది. మన లైటు మీద ప్యానెల్ 10 సెంటీమీటర్లు పొడవు, 10 సెంటీమీటర్లు వెడల్పు అనుకుందాం. అంటే చదరపు మీటరులో నూరో వంతు. ఉదారంగా లెక్కేసినా 2 వాట్లు. అంతే. పైన 200 వాట్స్ అని రాసి ఉన్నా సరే.

తెలంగాణలో ఏడాది సగటు చూస్తే రోజుకు సుమారు 5 గంటల ఫుల్ ఎండకు సమానమైన వెలుగు దొరుకుతుంది. ప్రపంచంలో చాలా దేశాలు మనల్ని చూసి కుళ్ళుకునే నంబర్ ఇది. 2 వాట్లు ఇంటూ 5 గంటలు, 10 వాట్ అవర్స్. చార్జింగ్‌లో, డ్రైవర్ సర్క్యూట్‌లో, ప్యానెల్ మీద దుమ్ములో 30 శాతం పోయిందనుకుంటే చేతికి 7 వాట్ అవర్స్ వస్తుంది. దాన్ని 12 గంటల రాత్రికి పంచితే గంటకు 0.58 వాట్. వాట్‌కు 100 ల్యూమెన్స్ ఇచ్చే ఎల్‌ఈడీ అయితే సుమారు 60 ల్యూమెన్స్. మన హాల్లో వెలిగే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు 900 ల్యూమెన్స్ దాకా ఇస్తుంది. అంటే అందులో పదిహేనో వంతు.

నిజంగానే 100 వాట్ల లైటు రాత్రంతా వెలగాలంటే? 1200 వాట్ అవర్స్ కావాలి. దానికి లాసెస్ ఏమీ లేకపోయినా 240 వాట్ల ప్యానెల్, అంటే చదరపు మీటరు కంటే పెద్దది. మీ చేతిలో పట్టే డబ్బా మీద "100 వాట్స్" అని ఉంటే ఆ నంబర్‌ని డబ్బా రంగులాగే చూడండి, డెకరేషన్.

బ్యాటరీలో కూడా ఇదే ఆట. 18650 అనే లిథియం సెల్ మనకు బాగా తెలిసిందే, పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లో, పవర్ బ్యాంకుల్లో వస్తుంది. పెద్ద కంపెనీల మంచి సెల్ కూడా దాదాపు 3500 ఎంఏహెచ్ దగ్గరే ఉంటుంది. కాబట్టి ఒక్క 18650 సెల్ పెట్టి 9900 ఎంఏహెచ్ అని రాస్తే అది పచ్చి అబద్ధం. చీప్ లైట్స్‌లో 1200 నుంచి 2000 మధ్య వచ్చే సెల్ ఉందనుకుని లెక్కేసుకోవడం సేఫ్.

ఇక మట్టిలో గుచ్చే చిన్న స్టేక్ లైట్స్ సంగతి. రెండు మూడు వందలకు జత వస్తాయి కదా, అవి. లోపల ఉండేది 1.2 వోల్ట్‌ల నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్, సాధారణంగా 600 ఎంఏహెచ్. అంటే 0.72 వాట్ అవర్. 8 గంటలు వెలిగితే గంటకు 0.09 వాట్, ఏ 7, 8 ల్యూమెన్సో వస్తుంది. అది వెలుగు కాదు, బొట్టు. దారి అంచు ఎక్కడుందో చెబుతుంది, దారి మీద ఏముందో చెప్పదు. తులసికోట చుట్టూ, ముగ్గు పక్కన పెట్టుకోవడానికి చాలా బాగుంటుంది. బాత్రూం దారికి మాత్రం వద్దు.

అయితే ఇంజినీరింగ్ పరంగా చూస్తే నాకు ఈ చీప్ లైటే ఎక్కువ నచ్చుతుంది. విప్పి చూస్తే లోపల నాలుగు కాళ్ళ చిన్న చిప్ ఒకటి, వైఎక్స్8018 లాంటిది, ఒక కాయిల్, ఒక ఎల్‌ఈడీ. తెల్ల ఎల్‌ఈడీ వెలగాలంటే 3 వోల్ట్‌లు కావాలి, సెల్ ఇచ్చేది 1.2. ఆ చిప్ కాయిల్‌ని ఆన్-ఆఫ్ చేస్తూ వోల్టేజ్ పెంచుతుంది. ఇంకో ట్రిక్, ఇందులో లైట్ సెన్సర్ వేరుగా ఉండదు. ప్యానెలే సెన్సర్. ప్యానెల్ వోల్టేజ్ పడిపోతే చీకటి పడిందని చిప్ అర్థం చేసుకుంటుంది. అందుకే కాంపౌండ్ గోడ పక్కనే గ్రామ పంచాయతీ స్ట్రీట్ లైట్ ఉంటే మీ సోలార్ లైటు వెలగదు. దానికి ఇంకా పగలే. కంప్లైంట్ ఇచ్చేముందు రెండు మీటర్లు జరిపి చూడండి.

ఇప్పుడు అదే లైటు జులైలో

దట్టమైన మబ్బు ఉన్న రోజు ప్యానెల్ తన రేటింగ్‌లో 10 నుంచి 25 శాతం మాత్రమే ఇస్తుంది. ముసురు పట్టిన రోజుకు మొత్తం కలిపి ఒక గంట ఫుల్ ఎండ దొరికిందనుకుందాం. మన 2 వాట్ల ప్యానెల్ నుంచి లాసెస్ పోను 1.4 వాట్ అవర్స్ వస్తుంది. బ్యాటరీ 2000 ఎంఏహెచ్ లిథియం సెల్, 3.7 వోల్ట్‌లు, అంటే 7.4 వాట్ అవర్స్. ముసురు మొదలయ్యే రోజు సాయంత్రానికి ఫుల్ చార్జ్ ఉంది.

రాత్రంతా ఒకే బ్రైట్‌నెస్‌తో వెలిగే మోడ్‌లో పెడితే 11 గంటలకు 6.4 వాట్ అవర్స్ ఖర్చు. మొదటి రాత్రి దాటింది, ఒక్క వాట్ అవర్ మిగిలింది. మర్నాడు 1.4 వచ్చింది, మొత్తం 2.4. రెండో రాత్రి 7 గంటలకు ఆన్ అయితే 11 గంటలకు బంద్. మూడో రాత్రి తొమ్మిదిన్నరకే. వాడకట్టులో వినిపించిన "పదకొండు" ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది కదా.

అదే లైటుని డిమ్ ప్లస్ సెన్సర్ మోడ్‌లో పెట్టండి. మామూలుగా 0.15 వాట్‌తో, అంటే ఓ 15 ల్యూమెన్స్‌తో మసకగా వెలుగుతుంది. మనిషి రాగానే 3 వాట్లతో, 300 ల్యూమెన్స్‌తో 30 సెకన్లు వెలిగి మళ్ళీ తగ్గుతుంది. రాత్రిలో 30 సార్లు ట్రిగ్గర్ అయినా ఫుల్ లైటు మొత్తం 15 నిమిషాలే. డిమ్‌కి 1.65, ఫుల్‌కి 0.75, రాత్రి మొత్తానికి 2.4 వాట్ అవర్స్. రోజూ 1.4 వస్తుంది కాబట్టి రోజుకు తగ్గేది ఒక్క వాట్ అవర్ మాత్రమే. అదే ప్యానెల్, అదే బ్యాటరీ, ఆరు రాత్రులు తెల్లారేదాకా వెలుగుతుంది. పైగా అవసరమైన క్షణంలో ఐదింతల వెలుగు.

బ్యాటరీ స్థానంలో 32650 సైజు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ ఉన్న మోడల్ తీసుకుంటే 3.2 వోల్ట్‌లు, 5000 ఎంఏహెచ్, అంటే 16 వాట్ అవర్స్. ఇదే మోడ్‌లో రెండు వారాల ముసురుని కూడా తట్టుకుంటుంది. అంత పొడవు ముసురు మా వైపు అరుదే. కానీ 2025 ఆగస్టు 27, 28 తేదీలను కామారెడ్డి జిల్లాలో ఎవరూ మర్చిపోలేరు. రాజంపేట మండలం అర్గొండలో 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది, రోడ్లు, రైలు పట్టాలు తెగిపోయాయి, కరెంటు స్తంభాలు ఒరిగిపోయాయి. అలాంటి రాత్రి వెలిగే లైటే లైటు.

కాబట్టి కొనేటప్పుడు నా ఆర్డర్ ఇది: ముందు బ్యాటరీ కెమిస్ట్రీ, తర్వాత ప్యానెల్ సైజు, తర్వాత డిమ్ ప్లస్ సెన్సర్ మోడ్ ఉందా లేదా. ఎల్‌ఈడీల సంఖ్య చూడటం మానేయండి. 120 ఎల్‌ఈడీలు పెట్టినా బ్యాటరీ ఇచ్చే కరెంటునే అవన్నీ పంచుకోవాలి.

సెన్సర్ ఏం చూస్తుంది, ఏం చూడదు

ఈ లైట్స్‌లో వచ్చేది పీఐఆర్ సెన్సర్. ఒంటి వేడి కదలడాన్ని అది పసిగడుతుంది. దాని మీద ఉండే తెల్లటి ప్లాస్టిక్ బుడిపె లెన్స్, ముందున్న చోటుని ముక్కలు ముక్కలుగా విడదీస్తుంది. వేడి వస్తువు ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి పోతే సిగ్నల్ వస్తుంది. అందుకే మనం సెన్సర్‌కి ఎదురుగా నడిచి వస్తే ఆలస్యంగా, అడ్డంగా దాటితే వెంటనే పట్టుకుంటుంది. లైటుని దారి చివర కాకుండా దారి పక్కన పెట్టాలన్నది ఇందుకే.

మే నెలలో ఇంకో వింత జరుగుతుంది. రాత్రి 8 గంటలకు కూడా గోడలు, బండలు 36, 37 డిగ్రీల దగ్గర కాగుతూ ఉంటాయి. మన చర్మం వేడి కూడా దాదాపు అంతే. తేడా లేకపోతే సెన్సర్‌కి మనిషి కనిపించడు. శీతాకాలంలో 5 మీటర్ల నుంచి పట్టుకున్న లైటు ఎండాకాలంలో 2 మీటర్లకు వచ్చేదాకా వెలగకపోవచ్చు. పాడైందనుకుని రిటర్న్ పెట్టకండి.

ఇంతకంటే ముఖ్యమైన మాట: పాము చల్లని రక్తపు జీవి. దాని ఒళ్ళు నేలంత వేడే ఉంటుంది. పీఐఆర్‌కి అది కనబడదు. పాము వస్తే లైటు వెలుగుతుంది, మనకు తెలిసిపోతుంది అని కొందరు సెల్లర్లు సూచించే మాట నమ్మొద్దు. లైటు పాముని తరమదు కూడా. అది చేసేదల్లా మీ అడుగు పడే చోటుని చూపించడం. అందుకే పూర్తిగా ఆరిపోయి, మనిషి వస్తేనే వెలిగే మోడ్ కంటే, మసకగా ఎప్పుడూ వెలిగే మోడే పెరటికి కరెక్ట్. సెన్సర్ లేటైనా మొదటి మెట్టు కనిపించాలి. కట్లపాము రాత్రే తిరుగుతుంది, రక్తపింజర ఎండుటాకుల రంగులో కలిసిపోతుంది. లైటు ఉన్నా చేతిలో టార్చ్, కాలికి చెప్పులు తప్పవు. ఒకవేళ కాటు పడితే మంత్రం, నాటు వైద్యం అని ఆగకుండా 108కి ఫోన్ చేసి యాంటీ వెనమ్ ఉన్న ఆసుపత్రికే.

ఎక్కడ పెట్టాలి

ప్యానెల్, లైటు ఒకే డబ్బాలో ఉండే మోడల్స్‌తో పెరట్లో ఒక చిక్కుంది. లైటు కావాల్సింది చెట్టు కింద. ఎండ ఉండేది చెట్టు పైన. జామ కొమ్మ నీడ ప్యానెల్‌లో ఒక్క సెల్ మీద పడినా, సెల్స్ అన్నీ వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి మొత్తం ప్యానెల్ అవుట్‌పుట్ పడిపోతుంది. కాబట్టి ప్యానెల్ వేరుగా, మూడు నుంచి ఐదు మీటర్ల వైరుతో వచ్చే మోడల్ తీసుకోండి. ప్యానెల్ స్లాబ్ మీద, లైటు కింద. ఓ వంద, రెండు వందలు ఎక్కువైనా ఈ ఒక్క ఫీచర్‌కి పెట్టొచ్చు. కోతుల బెడద ఉన్న ఇళ్ళలో మాత్రం ప్యానెల్‌ని పిట్టగోడ మీద ఊరికే ఆనించి పెట్టకండి. స్క్రూలు బిగించి, వైరుని గోడకు క్లిప్పులతో కొట్టేయాలి. మట్టిలో గుచ్చిన స్టేక్ లైట్స్ కోతులకు ఆట బొమ్మలు.

యాంగిల్ విషయంలో యూట్యూబ్ అంతా ఒకటే చెబుతుంది: మీ ఊరి అక్షాంశం ఎంతో అంత వంపు, దక్షిణం వైపు. ఎల్లారెడ్డి 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. ఏడాది మొత్తం ఎక్కువ కరెంటు రావాలంటే 18 డిగ్రీలు కరెక్టే. కానీ మనకు కావాల్సింది ఏడాది టోటల్ కాదు, వానాకాలం గట్టెక్కడం. జులై చివర్లో మధ్యాహ్నం సూర్యుడు మా ఊరి నడినెత్తి మీదే ఉంటాడు. మబ్బు రోజున వెలుగు ఒక దిక్కు నుంచి రాదు, ఆకాశం మొత్తం నుంచి వస్తుంది. కాబట్టి ప్యానెల్ ఎంత చదునుగా ఉంటే అంత ఆకాశం చూస్తుంది. మరీ చదునుగా పెడితే నీళ్ళు నిలిచి దుమ్ము పేరుకుంటుంది కాబట్టి 10 డిగ్రీల వంపు చాలు. చలికాలంలో కొంచెం నష్టపోతాం. డిసెంబర్‌లో రాత్రి 13 గంటలు ఉన్నా ఆకాశం శుభ్రంగా ఉంటుంది, బ్యాటరీ నెట్టుకొస్తుంది.

దుమ్ము అంటే గుర్తొచ్చింది. నిజాంసాగర్ ఆయకట్టు దగ్గర కాబట్టి మా చుట్టుపక్కల వరి ఎక్కువ. కోతలప్పుడు హార్వెస్టర్ లేపే దుమ్ము, నూగు అంతా స్లాబ్ మీదకే వస్తుంది. పదిహేను రోజులకోసారి తడిగుడ్డతో ప్యానెల్ తుడవాలి. పొద్దున్నే, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు. వీలైతే పైన గాజు ఉన్న ప్యానెల్ తీసుకోండి. ప్లాస్టిక్ పూత ఉన్నవి రెండు ఎండాకాలాల్లో పసుపురంగుకు తిరిగి మసకబారతాయి, అది తుడిస్తే పోయేది కాదు.

రంగు కూడా చూసుకోవాలి. 6500 కెల్విన్ తెల్ల లైటు ఫొటోల్లో బాగుంటుంది. కానీ నీలి వెలుగు ఎక్కువున్న లైటు పురుగులను ఎక్కువగా లాగుతుంది. తొలకరి వాన పడ్డ సాయంత్రం ఉసిళ్ళు ఎలా ముసురుతాయో తెలిసిందే. ఉసిళ్ళ కోసం కప్పలు, బల్లులు. కప్పల కోసం ఏం వస్తుందో చెప్పక్కర్లేదు. కాబట్టి 3000 కెల్విన్ వార్మ్ లైటు తీసుకుని, గుమ్మానికి ఆనించి కాకుండా రెండు మీటర్ల దూరంలో, వెలుగు కిందికి పడేలా, మోకాలి ఎత్తు నుంచి నడుము ఎత్తు మధ్యలో పెట్టండి. ఎత్తుగా పెడితే వెలుగు పరుచుకుని పల్చబడుతుంది, నేల మీద నీడలు కూడా కనిపించవు. పక్క నుంచి పడే వెలుగులో చిన్న వస్తువుకి కూడా పొడవు నీడ పడి కంటికి దొరుకుతుంది.

బీర పందిరి మీద, సొర పాదు మీద మాత్రం లైటు వేయకండి. ఈ రెండింటి పూలూ సాయంత్రం విచ్చుకుంటాయి, రాత్రి తిరిగే చిమ్మెటలు వాటి మీద వాలతాయి. స్విట్జర్లాండ్ పచ్చిక మైదానాల్లో చేసిన ఒక స్టడీ 2017లో నేచర్ పత్రికలో వచ్చింది. రాత్రి పూట కృత్రిమ వెలుగు పెట్టిన చోట పూల మీద వాలే కీటకాల రాకపోకలు 62 శాతం తగ్గాయని అందులో తేలింది. మన పెరట్లో ఎంత తగ్గుతుందో అది వేరే సంగతి. కానీ కాయ పట్టే చోట లైటు పెట్టి, కాయలు రావట్లేదని ఎరువు మార్చడంలో అర్థం లేదు.

కరెంటు లైటే పెట్టొచ్చు కదా?

నిజాయితీగా చెప్పాలంటే బిల్లు ఆదా కోసం సోలార్ గార్డెన్ లైట్ కొనొద్దు. 9 వాట్ల బల్బు రాత్రికి 11 గంటలు వెలిగితే నెలకు 3 యూనిట్లు. మీ స్లాబు ఏదైనా అది కొద్ది రూపాయలే. ఆ లెక్కన వెయ్యి రూపాయల సోలార్ లైటు ధర తిరిగి రావడానికి ఏళ్ళు పడుతుంది, ఈలోపు బ్యాటరీ మార్చాలి.

సోలార్ కొనాల్సింది వైరు కోసం. అంటే వైరు లేకుండా ఉండటం కోసం. పెరట్లోకి 230 వోల్ట్‌ల లైన్ లాగితే చాలామంది చేసేది ఒకటే, మామూలు వైరుకి టేపు చుట్టిన జాయింట్, దాన్ని బట్టలు ఆరేసే దండెం మీదుగానో, రేకుల షెడ్డు అంచు మీదుగానో తీసుకుపోవడం. 2022 జులైలో కామారెడ్డి బీడీ వర్కర్స్ కాలనీలో బట్టలు ఆరేసే తీగకు కరెంటు పాకి ఒకే కుటుంబంలో నలుగురు చనిపోయారు, అందులో ఇద్దరు పిల్లలు. అదీ వానాకాలమే. సోలార్ లైటు వైరులో ఉండేది ఆరేడు వోల్ట్‌ల లోపు. తడిచినా, ఎలుక కొరికినా పోయేది లైటు మాత్రమే. పెరటికి కరెంటు లైనే కావాలనుకుంటే పైపులో వేసిన వైరు, సరైన ఎర్తింగ్, 30 మిల్లీ యాంప్స్ ఆర్‌సీసీబీ మూడూ ఉండాలి, చేసేది ఎలక్ట్రీషియన్ అయ్యుండాలి.

రిటర్న్ విండో లోపల చేయాల్సిన టెస్ట్

జులై దాకా ఆగక్కర్లేదు, మార్చిలో కూడా ముసురుని సృష్టించొచ్చు. రెండు రోజులు ఫుల్ ఎండలో చార్జ్ చేయండి. తర్వాత ప్యానెల్‌ని మూడు రోజులు వరండా నీడలో, ఆకాశం కనిపించేలా పెట్టండి. నీడలో పడే వెలుగు ఎండలో దాదాపు పదో వంతు, మబ్బు రోజుకు దగ్గర. ప్యానెల్‌ని అట్టముక్కతో పూర్తిగా మూసేయకండి, అప్పుడు లైటు రాత్రి అనుకుని పగలంతా వెలుగుతుంది, లెక్క తప్పుతుంది. పాత ఫోన్ ఏదైనా చార్జర్‌కి పెట్టి టైమ్‌ల్యాప్స్ ఆన్ చేసి లైటు వైపు తిప్పండి. పొద్దున్నే వీడియో చూస్తే ఎన్ని గంటలకు ఆరిందో కనిపిస్తుంది. మూడో రాత్రి తెల్లవారుజామున 4 గంటలకు వెలుగుతుంటే ఉంచుకోండి. లేకపోతే రిటర్న్.

ఇంట్లో మల్టీమీటర్ ఉంటే ఇంకా సులువు. మిట్టమధ్యాహ్నం ప్యానెల్‌ని సూర్యుడి వైపు తిప్పి, దాని రెండు వైర్లను డీసీ యాంప్స్ రేంజ్‌లో పెట్టిన మీటర్‌కి కలిపితే షార్ట్ సర్క్యూట్ కరెంటు వస్తుంది. ఇంత చిన్న ప్యానెల్‌కి దానివల్ల ఏమీ కాదు. ఆ యాంప్స్‌ని 5 వోల్ట్‌ల ప్యానెల్ అయితే 5తో గుణించండి, ప్యానెల్ అసలు వాట్స్ దాదాపుగా తెలిసిపోతాయి. మీటర్ 0.4 యాంప్స్ చూపిస్తే 2 వాట్లు. ఐపీ రేటింగ్ మాత్రం ఇంట్లో టెస్ట్ చేయలేం. కనీసం ఐపీ65 ఉన్నది తీసుకోండి, అంటే దుమ్ము దూరదు, పైపుతో నీళ్ళు కొట్టినా తట్టుకోవాలి. ఐపీ44 అంటే జల్లు వరకే.

చివరగా బ్యాటరీ గురించి. ఇది రోజూ ఎండుతూ నిండే బ్యాటరీ, ఏడాదికి 365 సైకిల్స్. పైగా నల్లటి ప్యానెల్ వెనక, మే నెల 43 డిగ్రీల ఎండలో. మామూలు లిథియం అయాన్ సెల్స్‌ని 45 డిగ్రీలు దాటాక చార్జ్ చేయొద్దని వాటి డేటాషీట్లే చెబుతాయి, ఆ డబ్బా లోపల వేడి దాన్ని సులువుగా దాటుతుంది. అందుకే అవి రెండో వానాకాలానికి నీరసపడతాయి. ఐరన్ ఫాస్ఫేట్ సెల్ వేడికి ఎక్కువ ఓర్చుకుంటుంది, 2000 సైకిల్స్ దాకా వస్తుంది. మార్చేటప్పుడు అదే కెమిస్ట్రీ సెల్ వేయాలి. 3.2 వోల్ట్‌ల ఐరన్ ఫాస్ఫేట్ సెల్‌ని 4.2 దాకా చార్జ్ చేసే సర్క్యూట్‌లో పెడితే ఓవర్‌చార్జ్ అవుతుంది. స్టేక్ లైట్‌లో రీచార్జబుల్ సెల్ బదులు గోడ గడియారం సెల్ వేస్తే అది కారిపోతుంది. పాత సెల్స్‌ని పెంటకుప్పలో పడేయకుండా మొబైల్ రిపేర్ షాప్‌లోనో, ఈ-వేస్ట్ తీసుకునే చోటో ఇవ్వండి. సెల్ మార్చే పని ఉంటే మే చివర్లోనే పెట్టుకోండి. జూన్ మొదటి వారంలో ప్యానెల్ తుడిచి, స్విచ్‌ని డిమ్ ప్లస్ సెన్సర్ మోడ్‌కి మార్చి, ఆ రాత్రి ఒకసారి టైమ్‌ల్యాప్స్ పెట్టి చూస్తే సరిపోతుంది.